రాజోలిలో నడిమి గోడ

గద్వాలనుండి శాంతినగరము మీదుగా పోవు బస్సులో మేము కూరుచున్నప్పుడు ప్రక్కనున్న చదువుకొన్న చిన్నది "రాజోలిబండకా అమ్మా?" యని యడిగెను. ఈ పొరపాటు చాలమందికి కలుగును. తుంగభద్రపై కాలువకు నీరు మళ్లించు ఆనకట్టగల రాజోలిబండ కర్ణాటకములోని రాయచూరు జిల్లాది. మేము పోవుచున్న రాజోలి అదే నదికి దిగువను, ఎడమగట్టున, సుంకేసుల ఆనకట్టకు చేరువనున్న ఊరు. చిరకాలము మహబూబునగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా యేర్పడినపుడు అందులో చేరినది.

పండిత సన్మానములచేత గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాలయను పేరు వచ్చినది. నేటి స్త్రీలకు మాత్రము గద్వాలయనగా పండితులకంటె ముందు చీర జ్ఞప్తికి వచ్చును. అందులకు మేము వారిని నిందింపము, మాకును అంతియే. ఆ చీరలలో ననేకములు రాజోలి మగ్గములపై పుట్టినవే. నడుమ నూలు, అంచులును కొంగును పట్టు. ఈ రెంటిని కుట్టక నేతలోనే ఒకదాని పోగును మఱొకదానితో పెనవైచి కలుపుదురు. దీనినే కుప్పడమందురు. మూడు నాడెలు, ఇద్దరు మనుష్యులు కావలయును. ఒకరు మగ్గపు గుంతలో కాళ్లుంచి నేయుచుండగా రెండవవారు ప్రక్కను కూరుచుండి అంచు నాడె నందీయవలయును. ఆ రెండవవారు తఱచుగా ఇంటి యిల్లాలే. ఈ మాట పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను. మా ప్రయాణమునకు కారణమంతయు ఇందులోనే యున్నది.

మేము పోయినది మావారియొద్ద పూర్వము చదువుకొన్న యొక బాలిక యత్తవారింటికి. ఆమె వారము దినముల క్రిందట ఫోనుచేసి "అమ్మా, మా యింట్లో గోడ ఒకటి తీయించాలనుకున్నాం. అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. సారు వచ్చి చెప్తే వింటుంది" అనెను. గోడలనుగూర్చి మాకేమి తెలియును? ఐనను ఆ పిల్ల గొంతులో నేదియో యుండినది. మావారికి సెలవులు. బయలుదేరితిమి.

ఊరు చేరునప్పటికి ఎండ యెక్కినది. వైశాఖమాసము. నది యెండి యిసుక తెల్లగా నుండెను. నడుమ సన్నని పాయ యొకటి, దానిలో బట్టలుతుకు స్త్రీలు. ఈ యేఱే 2009 అక్టోబరులో ఊరిని ముంచినదన్న నెవ్వరు నమ్ముదురు? అక్టోబరు 2వ తేది గాంధీజయంతి. నూలు వడకిన మహాత్ముని జన్మదినము నాటికే నేతగాండ్ర మగ్గములు బురదనీటిలో నుండినవి. ఆ వరదలోనే కర్నూలు మునిగినది, అలంపురము మునిగినది. రాజోలిలో మట్టి గోడల యిండ్లు కరగి కూలినవి. తరువాత నదికి దూరముగా కొత్త కాలనీ వెలసినది. పోయినవారు పోయిరి, పాతయూరు విడువనివారును కలరు. విడువకుండుటకు కారణమడిగితిమి. పడుగు సాచుటకు పొడవైన వీధి కావలెనట. తాతలనాటి మగ్గపు గుంత కావలెనట.

మా పిల్ల యిల్లు పాతయూరిలోనే. సందు మలుపు తిరుగగానే మగ్గపు చప్పుడు వినవచ్చెను.

ఆ యింటి యమరిక చెప్పినగాని తగవు తెలియదు. ఇల్లు రెండు గదులు. ముందరిది పడసాల, అందులో మగ్గము. వెనుకది వంటిల్లు; అందులోనే పడక, దేవుడు, ధాన్యపు గాదె. ఒక్కొక్క గది వెడల్పు పదునాఱడుగులు, లోతు పది. రెంటి నడుమ మూరెడు మందముగల గోడ. ఆ గోడకు ఒక మూలను, మనిషి వంగి పోవలసిన ద్వారము. వంటింటికి కిటికీ లేదు. పైకప్పులో గవాచి యొకటి మాత్రమున్నది. మిట్టమధ్యాహ్నమున దానినుండి వెలుగు బిందెమూతయంత పడుచుండెను.

ఇప్పుడు కోడలి స్థితి చూడుడు. ఆమె మగ్గము ప్రక్కను కూరుచుండి అంచు నాడె నందీయుచుండును. పొయ్యి గోడ కవతల. రెండేండ్ల కూతురు గోడ కవతల. పాలు పొంగిన వాసన వచ్చినగాని తెలియదు. పిల్ల యేడ్చినగాని తెలియదు. లేచి పోయిన మగ్గమాగును, మగ్గమాగిన భర్త చేయి యాగును. లేవకున్న నొకనాడు పిల్ల కుడిచేయి వేడిగంజిలో పడినది. మేము చూచునప్పటికి మానినది గాని చర్మము గులాబిరంగున నిగనిగలాడుచుండెను. ఆ పిల్ల ఆ చేతితోనే మాకు నమస్కారము పెట్టెను.

"గోడ లేకపోతే నాకు పిల్ల కనబడుతుంది. నాకు ఇంకేం వద్దమ్మా" అనెను తల్లి.

మేస్త్రీ యొకడు గోడను చూచి "ఒక్కపూట పని. పొద్దున మొదలుపెడితే పగటికల్లా చదును చేసి యిస్తా" ననెనట. ధర కూడ చౌకయే.

అత్తగారు గడపమీద కూరుచుండి కండెలు చుట్టుచు అంతయు వినుచుండెను. ఆమెను మూఢురాలని తలచి పోయిన మాకు మొదటి మాటతోనే సిగ్గు కలిగినది. "నేను శకునం చూడడంలేదమ్మా, వాస్తు చూడడంలేదు. ఏరు వచ్చి పోయినాక వీధిగోడ లేదు, పెరటిగోడ సగం లేదు. ఈ గోడ ఉన్నది. దంతెలు దీనిని పట్టుకుని వేలాడుతున్నవి. మళ్లా రెండు గోడలూ దీన్ని చూసుకునే కట్టుకున్నం. దీన్ని తీసేస్తే నా కళ్ల ముందర ఎవరి మీద పడుతుంది?" అనెను.

కోడలు మాటాడలేదు. ఆమె భర్త నాడెను చేతిలో తిప్పుచుండెను.

మేము గోడయొద్దకు పోయి చూచితిమి. అడుగున నడుమెత్తు వఱకు రాళ్లను సున్నముతో కట్టియుండిరి. ఆపైన రాయి, మట్టి. ఎందులకు నిలిచినదో అప్పుడు బోధపడినది. మట్టి యడుసు నీట నానిన మరల మట్టియే యగును. సున్నము గట్టిపడిన పిమ్మట నీరు దానినంత సులభముగా కరగింపదు. తక్కిన గోడలు పాదముననే నాని కూరుచున్నవి, ఇది కూరుచుండలేదు. ఇల్లు కట్టిన పెద్ద యెవరో నడిమి గోడకే సున్నము వ్యయపెట్టెను. ఊరక చేసినపని కాదది.

ఆ పెద్దకు తెలిసినదేమనగా, ఇది తెర వంటి గోడ కాదు. మిద్దెయిల్లు కట్టు తీరు పల్లెలవారు చూచియే యుందురు. గోడనుండి గోడకు దంతెలు, దంతెలపై బండపలకలు, వానిపై మట్టి, ఆపైన వాన దిగకుండ చవిటిమన్ను. ఈ యింట ముందరి గది దంతెలన్నియు వీధిగోడపై నొక కొన, నడిమి గోడపై నొక కొన ఆనియున్నవి. వెనుకగది దంతెలును అట్లే నడిమి గోడపైననే వచ్చి కలసినవి. కావున వీధిగోడ యొక గదిలో సగము బరువు మోయుచుండగా, నడిమి గోడ రెండు గదులనుండి రెండు సగములు మోయుచున్నది. ఇంటిలో నందఱికంటె నెక్కువ మోయుచు కనబడక నడుమనుండునది!

మావారు నేలపైననే సుద్దతో లెక్కవేసిరి. ఒక గది కప్పు 160 చదరపుటడుగులు. మట్టి మందము ముప్పాతికయడుగు; అనగా 120 ఘనపుటడుగులు. పొడిమట్టి ఘనపుటడుగునకు సుమారు 45 కిలోలు తూగును. గదికి 5,400 కిలోలు. నడిమి గోడపై రెండు సగములు గనుక మరల 5,400. ఇది మట్టి మాత్రమే. బండలు, దంతెలు వేఱు. వానలో నానిన మఱింత. ఐదు టన్నుల పైమాట! గోడను పూర్తిగా తీసిన ఆ ఐదు టన్నులు మధ్యాహ్నమునకు ముందే నేల చేరుననుటకు పండితుడు కానక్కఱలేదు. ఆ మేస్త్రీకి పని చేతకాదని మేమనము. అతడు సిమెంటుస్తంభముల యిండ్లకు అలవాటుపడినవాడు. అట్టి యిండ్లలో బరువంతయు స్తంభములును దూలములును మోయును. నడిమి యిటుకగోడ తెరయే. తీసినను కప్పు పడదు. కాని నగరములలోని యెత్తైన భవనములలో కొన్ని గోడలనే కాంక్రీటుతో పోసి బరువు మోయించుచున్నారు. సున్నపుపూత వేసిన తరువాత చూపునకు రెండు నొకటియే. వంటిల్లు విశాలమగునని ఆశపడి సుత్తె యెత్తుటకు ముందు గోడ మందము చూడవలెను, తట్టి చూడవలెను, కట్టిననాటి పటము చూడవలెను. పటము లేకున్న తెలిసినవారిని పిలువవలెను.

ఈ విషయమున మేమింత పట్టుదలగా నుండుటకు కారణము మా పుట్టినింటిది. మా చిన్ననాడు మా పినతండ్రిగారు కూతురి పెండ్లికి పంక్తులు చాలవని లోపలి గోడ నొకదానిని తీయించిరి. కప్పు పడలేదు. అందఱును సంతోషించిరి. రెండేండ్లకు పడమటింటి తలుపు మూతపడుట మానినది. వడ్రంగిని పిలిచి తలుపంచును చెక్కించిరి. ఆఱు నెలలకు మరల బిగిసినది, మరల చెక్కించిరి. వాన తేమకు కఱ్ఱ యుబ్బినదని యనుకొనిరేగాని, తలుపు కాదు, పైనున్న దూలము దిగుచున్నదని యెవ్వరికిని తోచలేదు. భాద్రపదమాసములో నొక తెల్లవారుజామున ఆ గది కూలినది. మా నాయనమ్మ మంచమక్కడనే. ఆమె అప్పుడే చెంబు తీసికొని పెరటిలోనికి పోయెను. ఆ మంచపుకోళ్లు రెండు చాల కాలము మా యింట నుండినవి. ప్రహ్లాదుని కథ వినునప్పుడెల్ల, స్తంభమునుండి వెలువడువాడు నృసింహుడు గనుక సరిపోయినది, మా యింట వెలువడినది మిద్దె యని నాయనమ్మ నవ్వెడిది.

ఈ కథ చెప్పగా అత్తగారు కండె నాపి "చూసినవా" యని కోడలివంక చూచెను. మాకప్పుడు బాధ కలిగినది. మేము కోడలి పక్షమున వచ్చి అత్త పక్షమున సాక్ష్యము చెప్పినట్లయినది. పిల్ల గులాబిరంగు చేయి మా కన్నులయెదుటనే యున్నది.

గోడ నుండవలెను, తల్లికి పిల్ల కనబడవలెను. ఇంజనీరు నడుగుటయే మంచిదని మావారు కర్నూలులోని మిత్రునికి ఫోనుచేసిరి. ఆయన రెండుదినములకుగాని రాలేననెను. ఆ నడిమి దినమున మేము అలంపురము పోయి జోగులాంబను సేవించుకొని వచ్చితిమి.

నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలపువి, ఏడు ఎనిమిది శతాబ్దములవి. వానినిగూర్చి పలువురు వ్రాసిరి గనుక మేము వ్రాయము. మా మనస్సులో గోడయే యుండుటచే ఈమాఱు దేవుని కంటె దూలములనే యెక్కువగా చూచితిమేమో! స్తంభము, దానిపై బోదె, దానిపై రాతిదూలము, ఆపైన కప్పుబండ. మండపమున నిలుచున్నవానికి నలువైపుల చూపు సాగుట కిదియే కారణము. బరువు దిగుటకు స్తంభమను త్రోవ దొరికినది. మయమతమున స్తంభములకే యొక యధ్యాయ ముండుట కూరక కాదు. కార్బూజియే యను వాస్తుశిల్పి 1914లో గోడలు లేక పలకలును స్తంభములునుగల యిల్లు నొకదానిని కాగితముపై గీసి, ఇంక గోడ నెక్కడనైన పెట్టుకొనవచ్చునని చూపెను. తరువాత మన చండీగఢమునకు నిర్మాణరూపము నిచ్చినవా డాయనయే. మా చాళుక్య శిల్పులు విన్న చిఱునవ్వు నవ్వుదురు.

అక్కడ కూడవెల్లి సంగమేశ్వరాలయము కూడ చూచితిమి. అది పూర్వము కృష్ణాతుంగభద్రల సంగమముననుండెడిది. శ్రీశైలము జలాశయమున మునుగునని రాళ్లకు అంకెలు వేసి విప్పి, అలంపురమునకు తెచ్చి మరల కట్టిరి. అంత బరువును విప్పుట యెక్కడ మొదలిడుదురు? పైనుండియే గదా. మొదట శిఖరము, తరువాత కప్పు, ఆ తరువాతనే గోడ. ఒక్కపూటలో గోడతో మొదలుపెట్టుదునన్న మేస్త్రీ మాకు జ్ఞప్తికి వచ్చెను.

ఇంజనీరుగారు మూడవనాడు వచ్చి ఇంచుమించు అదియే చెప్పిరి. గోడనంతయు తీయరాదు. నడుమ ఆఱడుగుల వెడల్పున మాత్రము తెఱవవచ్చును. ఇరుప్రక్కల గోడ నిలిచియుండవలెను. బరువు మోయుట కొక్కటే కాదు, పొడవైన వీధిగోడ, పెరటిగోడ ఒరగకుండ ప్రక్కగోడలను పట్టియుంచునదికూడ ఆ నడిమి గోడయే యట. తెఱచినచోట పైభాగమున రెండు ఇనుపదూలములు ప్రక్కప్రక్కను బిగింపవలెను. వాని కొనలు మట్టిపై నానరాదు. సిమెంటుతో కూర్చిన గట్టిబండపై తొమ్మిదంగుళములైన ఆనవలెను. ఆ యాఱడుగుల భాగమునకు వచ్చు మట్టిబరువు సుమారు రెండు టన్నులు; అది యిప్పుడా రెండు కొనలయొద్దనే దిగును గనుక.

క్రమము మఱింత ముఖ్యము. మొదట కప్పుమీది మట్టిని సగమైన దించవలెను. అందులకు ఎండకాలమే తగినది; తొలకరి పడిన పిమ్మట కప్పు విప్పిన గది చెఱువగును. తరువాత గోడకు రెండువైపుల దంతెలక్రింద అడ్డదూలములు పెట్టి ఇనుప ఊతలు బిగింపవలెను. ఆ ఊతలు నిలుచు నేల గట్టిగా నుండవలెను. మగ్గపు గుంత చేరువనే యున్నదని ఆయన ఆగి చూచి, గుంతను ఇసుకతో నింపి పలక పఱచినగాని ఊత నిలుపరాదనెను. ఇది మాలో నెవ్వరికిని తోచలేదు. గోడలో నొకవైపు సగము మందము తీసి ఒక దూలము పెట్టి, అది కుదిరిన పిమ్మట రెండవవైపు తీసి రెండవ దూలము పెట్టవలెను. సిమెంటు గట్టిపడువఱకు, వారము దినములైన, ఊతలు తీయరాదు. కప్పుక్రింద బీట యున్నచోట చిన్న గాజుపలకను అడ్డముగా అంటింపవలెను. గోడ కదలిన గాజు ముందుగా పగిలి చెప్పును. మా పినతండ్రిగారింట తలుపు రెండేండ్లు చెప్పుచునే యుండినది. వినినవారు లేరు.

వ్యయము మేస్త్రీ చెప్పినదానికి మూడురెట్లు. పైగా పదునైదుదినములు మగ్గమాగును. మగ్గముపై సగము నేసిన చీర యుండెను. భార్యాభర్తలు మొగములు చూచుకొనిరి. అప్పుడు అత్తగారు లేచి వంటింటిలోనికి వంగి పోయి, గాదెవెనుకనుండి బట్టముడి తెచ్చి కొడుకు ముందుంచెను. ఎంతయున్నదో మేము చూడలేదు. చూచుట మర్యాద కాదు. "ఆరడుగులేనా? సారు చెప్పినట్టే ఆరడుగులే. ఏడు కాగూడదు" అని మాత్రమనెను.

మేము మరల పోయినది కార్తికములో. ఏటిలో నీరు నిండుగా నుండెను. ఇంటిలోనికి అడుగిడగానే వంటింటి వెనుకగోడ కనబడెను. పూర్వము కనబడెడిది కాదు. పడసాల వెలుగు పొయ్యిదాక పోవుచుండెను. కోడలు అంచు నాడె నందీయుచునే "అమ్మా రండి" యని పిలిచి, తల తిప్పి లోపల పిల్లవంక చూచి, మరల నాడె నందుకొనెను. లేవలేదు.

అన్నియు సుఖములే యనరాదు. తాళింపు నూనెతుంపరలు పట్టుమీద పడిన మచ్చ పోదు. అందుచేత వంటవేళ తెర దించుచున్నారు. తెర దించిన పిల్ల మరల కనబడదు. అప్పుడు అత్తగారు పిల్లను తీసికొని పడసాలలో కూరుచుండును. లోపల పడుకొనువారికి మఱుగు తగ్గినది. ఇంటికి క్రొత్తవారు వచ్చినప్పుడు కోడలు వంటింటిలో జుట్టు విప్పుకొనుటకైన సంకోచించుచున్నది. గోడ యుండినప్పుడు దానికింత యుపయోగ మున్నదని తెలియలేదని ఆమెయే నవ్వుచు చెప్పెను. చీఁకటిలో ఒంటరిగా నేడ్చుటకుకూడ చోటు పోయినదమ్మా యనెను. నవ్వుచునే యనెను గాని మేము నవ్వలేకపోతిమి.

తెఱచినచోట ఎడమప్రక్క మిగిలిన గోడకు అత్తగారు వీపానించి కూరుచుండియుండెను. రాట్న మచ్చటికే మార్చినది. అక్కడినుండి మగ్గము, పొయ్యి, వీధి మూడును కనబడును. గాజుపలక తలపైననే యున్నది, పగులలేదు. దానిచుట్టు ఆమె పసుపు రాచినది.

"దించిన మట్టి మరల పైకి వేసితిరా?" యని మావారడిగిరి.

"సగం వేసినం సారూ. వానకు దిగలేదు. తక్కింది వీధిలోనే ఉంది, పిల్లలు ఆడుకుంటున్నరు" అనెను ముదుసలి. గడప దాటునప్పుడు చూచితిమి. అరుగుప్రక్క ఆ మట్టికుప్పపై మా చిన్నది కుడిచేతితో గుడి కట్టుచుండెను.